జనం పలుచగా ఉన్న చోట

అనువాదం వృత్తిగా స్వీకరించినవానికి కొన్ని వాక్యాలు పాత పరిచయస్తుల వలె మాటిమాటికీ ఎదురవుతూ ఉంటాయి. వాటిలో ఒకటి భూకంపాల వార్తలకు సంబంధించినది. ఎక్కడో ఒక మహాసముద్రపు అంచున భూమి కంపిస్తుంది. తీవ్రత ఏడు అనో, ఏడున్నర అనో భూకంపలేఖినులు చెబుతాయి. వార్త ముగిసే చోట ఊరటగా ఒక వాక్యం వస్తుంది: మారుమూల ప్రాంతం కావడం వల్ల, జనం పలుచగా ఉండడం వల్ల, చెప్పుకోదగిన నష్టం జరగలేదు. ఇరవై ఏళ్ళుగా ఈ వాక్యాన్ని ఇంగ్లీషు నుంచి తెలుగులోకి తెస్తూనే ఉన్నాను. అందులో అబద్ధమేమీ లేదు. అయినా దానిని వ్రాసిన ప్రతిసారీ నా మనస్సు 'పలుచగా' అన్న మాట దగ్గర ఒక క్షణం ఆగుతుంది.

ఇంగ్లీషులో 'స్పార్స్' అన్న మాటకు మూలం లాటిన్ భాషలో ఉన్నది. వెదజల్లినది అని దాని అర్థం. గింజలు దూరదూరంగా పడినట్లు మనుషులు ఉన్నారని తప్ప అందులో మరో ధ్వని లేదు. మన 'పలుచన' అట్లాంటిది కాదు. మజ్జిగ పలుచన అంటాము, బట్ట పలుచన అంటాము. కాని ఒక మనిషి నలుగురిలో పలుచనైనాడంటే విలువ పోగొట్టుకున్నాడని అర్థం. జనం పలుచగా ఉన్న చోట ఆ జనం లోకం దృష్టిలో కూడా పలుచన అవుతారా? ఈ ప్రశ్న మన భాషలోనే దాగి ఉన్నది. అండమాన్ నికోబార్ దీవుల చరిత్రలో అది ఒకసారి కాదు, మూడుసార్లు పైకి వచ్చింది.

ఈ దీవులు నాకు భూగోళ పుస్తకంలోని చుక్కలు మాత్రమే కావు. మా అమ్మకు స్వయానా తమ్ముడు 1970ల చివర శ్రీకాకుళం జిల్లా నుంచి తాపీ పని కోసం పోర్ట్ బ్లెయిర్ వెళ్ళి అక్కడే స్థిరపడిపోయినాడు. 2024 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం ఆ పట్టణానికి శ్రీ విజయపురం అని పేరు మార్చింది. మా మావయ్య నోట మాత్రం పాత పేరే ఇంకా నలుగుతూ ఉన్నది. విశాఖపట్నం నుంచి సుమారు 1,200 కిలోమీటర్ల సముద్రం దాటితే వచ్చే ఊరది. 2011 జనాభా లెక్కల నాటికి మొత్తం దీవులలో ఉన్నవారు 3,80,581 మంది. వారిలో దాదాపు ప్రతి ఎనిమిది మందికి ఒకరి మాతృభాష తెలుగు. ఇక నికోబార్ దీవులలోనైతే ఒక్కొక్క చదరపు కిలోమీటరుకు ఇరవై మంది లెక్క. మన జిల్లాలలో ఒక చిన్న వీధికి కూడా అంతకంటే ఎక్కువ జనం ఉంటారు.

ఆ దీవుల క్రింద జరిగే వ్యవహారాన్ని శాస్త్రజ్ఞులు చెప్పినంత తేలికగా చెప్పుకోవచ్చు. భూమి పైపొర ఒకే ముక్క కాదు. పెద్ద పెద్ద పలకలుగా ఉన్నది. మనం నివసించే భారత ఫలకం తూర్పు వైపున బర్మా ఫలకం క్రిందికి ఏటా కొద్ది సెంటీమీటర్ల చొప్పున దూరుతూ ఉంటుంది. దూరే చోట రెండూ ఒరుసుకొని బిగిసిపోతాయి. వందల ఏళ్ళు ఆ బిగువు పెరిగి పెరిగి ఒకనాడు పట్టు తప్పుతుంది. ఆనాడు క్రింద ఉన్న పలక జారుతుంది, పైనున్నది విల్లు వదిలినట్లు ఎగురుతుంది. ఆ విదిలింపుకు సముద్రగర్భం కదిలితే నీరు కూడా కదులుతుంది. అండమాన్ నికోబార్ దీవులు ఆ కీలు మీద పేర్చిన పూసలు.

1881 డిసెంబర్ 31వ తేదీ ఉదయం కార్ నికోబార్ సమీపంలో ఆ కీలు ఒక చోట జారింది. దాని తీవ్రత 7.9 ఉండవచ్చునని ఇటీవలి లెక్కలు చెబుతున్నాయి. ఆనాటి దీవులలో జనం మరీ తక్కువ. జియలాజికల్ సర్వే ఉద్యోగి రిచర్డ్ ఓల్డ్‌హామ్ దానిని గురించి వివరాలు సేకరించి ఒక నివేదిక వ్రాసినాడు. భూకంప తరంగాలను పరిశీలించి భూమి నడిబొడ్డున ఒక కేంద్రకం ఉన్నదని 1906లో చెప్పినది ఈయనే. కాని 1881 భూకంపానికి అసలు సాక్షులు మనుషులు కారు, యంత్రాలు. ఆ కాలంలో సర్వే శాఖవారు ఓడరేవులలో ఆటుపోట్లను కొలిచే పరికరాలు నెలకొల్పి ఉన్నారు. బంగాళాఖాతం చుట్టూ ఎనిమిది చోట్ల ఆ పరికరాల కలాలు ఆనాడు అసాధారణంగా వణికినాయి. ఎక్కడా అల ఎత్తు ఒక మీటరుకు చేరలేదు. ఆ ఎనిమిదింటిలో మదరాసు ఉన్నది, నాగపట్నం ఉన్నది, మన విశాఖపట్నం కూడా ఉన్నది.

నేను చదువుకున్నది విశాఖలోనే. సముద్రానికి ఎదురుగా కూర్చొని ఇంగ్లీషు నవలలలోని తుఫానుల గురించి చర్చించుకున్న సాయంత్రాలు ఎన్నో ఉన్నాయి. ఆ రేవులోనే నూట ఇరవై ఏళ్ళ నాడు ఒక కాగితం చుట్ట మీద నికోబార్ తన కబురు వ్రాసి పంపిందని మాకు చెప్పినవారు లేరు. ఓర్టిజ్, బిల్హామ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఆ పాత గీతలను తిరిగి పరిశీలించి, నికోబార్ దగ్గర భూమి ఎట్లా జారిందో, అలలు తీరాలకు ఎట్లా చేరాయో లెక్కగట్టి ప్రచురించినది 2003లో. మరుసటి సంవత్సరమే ఆ కీలు మొత్తంగా తెగిపోతుందని వారు మాత్రం ఎట్లా ఊహిస్తారు?

రెండవ హెచ్చరిక 1941 జూన్ 26న వచ్చింది. ఈసారి కంపించినది అండమాన్. పోర్ట్ బ్లెయిర్ ఎదుట ఉన్న రాస్ దీవి అప్పటికి ఎనభై ఏళ్ళకు పైగా బ్రిటిష్ పాలకుల ముఖ్య స్థానం. చర్చి, నాట్యశాల, కమిషనర్ భవనం, రొట్టెల బట్టీ, ఒకటేమిటి, అన్ని హంగులూ ఉన్న చిన్న రాజధాని. భూకంపానికి ఆ కట్టడాలు బీటలు వారినాయి. పాలనా యంత్రాంగం ఆ దీవిని విడిచి వచ్చింది. 1942 మార్చిలో జపాను సైన్యం దిగింది. యుద్ధపు కేకలలో భూమి చేసిన శబ్దం మరుగున పడిపోయింది. నేడు యాత్రికులు పడవలో వెళ్ళి ఆ శిథిలాల గోడలను చుట్టుకున్న మర్రి ఊడలకు ఫోటోలు తీసుకుంటూ ఉంటారు. 2018లో ఆ దీవికి నేతాజీ సుభాష్ చంద్ర బోస్ పేరు పెట్టినారు. చూడవచ్చినవారిలో ఎక్కువమంది అది కాలం చేసిన శిథిలమే అనుకొని తిరిగి వస్తారు.

ఇక మూడవది. 2004 డిసెంబర్ 26, ఆదివారం, ఉదయం 6 గంటల 28 నిమిషాలు. సుమత్రా దీవి పక్కన మొదలైన చీలిక ఉత్తరంగా పరుగెత్తింది. నికోబార్ క్రిందుగా, అండమాన్ క్రిందుగా 1,200 కిలోమీటర్లకు పైగా భూమి చీలుకుంటూ వచ్చింది. అందుకు పట్టిన కాలం పది నిమిషాలకు అటూ ఇటూ. తీవ్రత 9.1. అప్పటికి నాకు ఇరవై మూడేళ్ళు. హైదరాబాదులో ఒక గదిలో ఉంటూ చిల్లర అనువాదాలతో కాలం గడుపుతున్నాను. మధ్యాహ్నానికి టెలివిజన్‌లో మదరాసు తీరం కనబడింది, నాగపట్నం కనబడింది. అండమాన్ మాత్రం కనబడలేదు. ఫోను తీగలు తెగినాయి. మా అమ్మ ఊరి నుంచి గంటకొకసారి ఫోను చేసి ఒకే మాట అడిగేది: "మావయ్య కబురు ఏమైనా తెలిసిందా బాబూ?" మూడవనాడు రాత్రి ఎవరి ఫోను నుంచో ఒక్క నిమిషం మాట్లాడినాడు. ఇల్లు బీటలు వారిందట, మనుషులు క్షేమమట. ఆ ఒక్క నిమిషం కోసం ఎదురుచూసిన మూడు రోజులలో నాకు అర్థమైన సంగతి ఒకటున్నది: వార్త లేకపోవడాన్ని లోకం నష్టం లేకపోవడంగా భావిస్తుంది.

నష్టం ఎంతో తర్వాత తెలిసింది. దీవులలో మరణించినవారు, జాడ తెలియనివారు కలిపి అధికారిక లెక్క మూడున్నర వేలకు చేరింది. వారిలో అత్యధికులు నికోబార్ దీవులవారు. 2001లో నికోబార్ జనాభా 42,068. అనగా సుమారు ప్రతి పన్నెండు మందిలో ఒకరు ఒక్క పూటలో లేకుండా పోయినారు. ఇదే దామాషా హైదరాబాదుకు వర్తించి ఉంటే ఐదు లక్షలకు పైగా మనుషులు. 2011 జనాభా లెక్కల్లో నికోబార్ సంఖ్య 36,842కు దిగింది. దేశమంతటా జనం పెరిగిన ఆ పదేళ్ళలో అక్కడ తగ్గినారు. జనం పలుచగా ఉన్న చోట నష్టం తక్కువ అన్న లెక్క ఎక్కడ తప్పుతుందో ఈ అంకెలు చెబుతాయి. నిండిన గాదె నుంచి దోసెడు గింజలు పోతే కనబడదు. దోసెడే ఉన్నవాడికి గుప్పెడు పోతే మరుసటి ఏటికి విత్తనం ఉండదు.

నికోబార్‌లో మరణాలు అంతగా ఉండడానికి కారణం అజ్ఞానం కాదు. కార్ నికోబార్ పగడపు నేల, బల్లపరుపుగా ఉంటుంది. కొబ్బరితోటలూ, ఇళ్ళూ, పెంపుడు పందులూ అన్నీ ఒడ్డునే. భూమి అటువంటి ఊపు ఊపిన కొద్దిసేపటికే నీరు వచ్చింది. ఎక్కడానికి గుట్ట లేదు. వైమానిక దళం స్థావరంలో సిబ్బందీ, వారి కుటుంబాలవారూ కలిపి వందమందికి పైగా పోయినారు. ట్రింకెట్ అనే దీవి ముక్కలైంది. అక్కడివారు కమోర్తా దీవికి తరలిపోవలసి వచ్చింది. గ్రేట్ నికోబార్ దక్షిణపు కొస, మన దేశానికే దక్షిణపు కొస అయిన ఇందిరా పాయింట్, నాలుగు మీటర్లకు పైగా క్రిందికి కుంగిపోయింది. గట్టున ఉండిన దీపస్తంభం నీళ్ళ నడుమ మిగిలింది.

అలలు విశాఖకు చేరింది ఉదయం తొమ్మిది దాటిన తర్వాత. అంటే భూమి కదిలిన రెండున్నర గంటలకు. ఆ వ్యవధిలో కార్ నికోబార్ స్థావరం నుంచి నీరు ముంచెత్తుతున్నదన్న కబురు మదరాసు వైమానిక కేంద్రానికి అందిందని ఆనాటి వాయుసేనాధిపతి తర్వాత పత్రికలకు చెప్పినారు. దూరాన ఉన్నవారు చెప్పవలసినది చెప్పినారు. విని, అర్థం చేసుకొని, తీరమంతటా చాటే ఏర్పాటు అప్పటికి మన దేశంలో లేదు. ఆంధ్రతీరంలో నూరుమందికి పైగా మరణించినారు, తమిళనాడులో వేలమంది.

అనువాదకునిగా నన్ను ఎక్కువగా వేధించేది ఒక మాట సంగతి. మన తీరవాసులకు ఉప్పెన తెలుసు. 1977 నవంబర్ 19 నాటి దివిసీమ ఉప్పెనను ఎరిగినవారు నేటికీ ఉన్నారు. ఉప్పెన అంటే మబ్బు ముందు రావాలి, గాలి హోరెత్తాలి, వాన కొట్టాలి. అప్పుడు సముద్రం ఊరి మీదికి వస్తుంది. 2004 డిసెంబర్ 26న ఎండ కాస్తున్నది. గాలి లేదు. సముద్రం వెనక్కు తగ్గితే పిల్లలు గవ్వలకూ చేపలకూ పరుగెత్తిన తీరాలు ఉన్నాయి. మన దగ్గర ఉన్న మాట ఆనాటి ప్రమాదానికి సరిపోలేదు. జపాను భాషలో రేవు అల అని అర్థమిచ్చే 'సునామీ' మన పత్రికలలోకి వచ్చింది, పల్లెకారుల నోటికీ వచ్చింది. కాని శవాలతో పాటు వచ్చింది.

సుమత్రా పక్కన సిమెలూ అనే దీవి ఉన్నది. భూకంప కేంద్రానికి అతి సమీపంలోని జనావాసం అదే. అక్కడివారి భాషలో 'స్మోంగ్' అనే మాట ఉన్నది. 1907లో వచ్చిపడిన అల తర్వాత తాతలు మనుమలకు ఆ మాటతో ఒక కథ చెబుతూ వచ్చినారు: నేల గట్టిగా ఊగితే, సముద్రం వెనక్కు పోతే, కొండ ఎక్కు. 2004లో ఆ దీవి జనాభా సుమారు 78,000. పోయినవారు ఏడుగురు. లిటిల్ అండమాన్‌లో నూరుమంది లోపే ఉన్న ఒంగేలు కూడా నేల ఊగగానే ఎత్తయిన చోటికి వెళ్ళి ప్రాణాలు దక్కించుకున్నారు. ఒక్క మాట, దానిని చెప్పే ఒక్క ముసలివాడు ఎంత పని చేయగలడో తెలుసుకోవడానికి ఇంతకంటే నిదర్శనం అక్కరలేదు.

అందుకే జనం పలుచగా ఉన్న చోట ఒక మనిషి పోవడమంటే ఒక అంకె తగ్గడం మాత్రమే కాదు. గ్రేట్ అండమానీ తెగలకు చెందిన బోవా సీనియర్ అనే వృద్ధురాలు 2004 భూకంపాన్నీ, అలలనూ చూసి బ్రతికింది. 'బో' అనే భాషను మాట్లాడగలిగిన చివరి మనిషి ఆమె. భాషాశాస్త్రవేత్త అన్వితా అబ్బీ ఆమె దగ్గర కూర్చొని ఆ మాటలను భద్రపరచినారు. 2010 జనవరిలో బోవా కన్నుమూసింది. ఆ భాషలో ఇక ఎవరూ ఎవరినీ పిలవరు. ఒక భాష నుంచి మరో భాషకు మాటలు మోయడమే బ్రతుకుగా ఉన్న నాకు ఇంతకంటే పెద్ద నష్టం ఊహకు అందదు. ఏ భూకంప నివేదికలోనూ అటువంటి నష్టానికి గడి ఉండదు.

కొన్నేళ్ళకు నేను మావయ్య దగ్గరకు వెళ్ళినాను. పట్టణానికి దాపున ఉన్న సిప్పీఘాట్ చూపించడానికి తీసుకొని వెళ్ళినాడు. ఒకనాడు వరి పండిన నేల. ఇప్పుడు ఉప్పునీటి మడుగు. అందులో మోడువారిన చెట్లు, గట్ల ఆనవాళ్ళు. పోర్ట్ బ్లెయిర్ ప్రాంతం దాదాపు ఒక మీటరు కుంగింది. అదే భూకంపానికి ఉత్తర అండమాన్ పశ్చిమ తీరంలో నేల పైకి లేచి, పగడపు దిబ్బలు గాలికి తేలి చచ్చిపోయినాయి. ఆ మడుగు గట్టున నిలబడి నేను, సముద్రం ఇంత లోపలికి వచ్చిందా మావయ్యా అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపినాడు.

"సముద్రం పైకి రానేదురా అల్లుడూ. నేలే కిందకి దిగిపోనాది. వచ్చిన నీరైతే తిరిగి ఎల్లిపోద్ది. మనమే దిగిపోతే అదెక్కడికి ఎల్తాది?"

నేను చదివిన శాస్త్రగ్రంథాలలో ఈ సంగతి ఇంత స్పష్టంగా లేదు.

లోకం ఏమీ నేర్చుకోలేదనడం న్యాయం కాదు. 2007 అక్టోబరు నుంచి హైదరాబాదులోని జాతీయ సముద్ర సమాచార కేంద్రంలో సునామీ హెచ్చరిక విభాగం రాత్రింబవళ్ళు పనిచేస్తున్నది. సముద్రతీరం లేని మన నగరంలో కూర్చొని నికోబార్ నేల కదలికను వింటున్నారు. 2012 ఏప్రిల్ 11 మధ్యాహ్నం సుమత్రా పశ్చిమాన 8.6 తీవ్రతతో భూమి కంపించింది. నిమిషాల మీద నికోబార్‌కు హెచ్చరిక వెళ్ళింది. అదృష్టవశాత్తు పలకలు పక్కకు జారినాయి కాని పైకి లేవలేదు. పెద్ద అల రాలేదు. సాయంత్రం మావయ్యకు ఫోను కలిసింది. హెచ్చరిక అందిందా అని అడిగినాను. "మీ హైదరాబాదోళ్ళు సెప్పేలోగా నేలే సెప్పీసింది. అందరం మిట్టెక్కీసినాం" అని నవ్వినాడు. యంత్రం చెప్పేది యంత్రం చెబుతుంది. ఒడ్డున ఉన్నవానికి దీర్ఘంగా ఊగిన నేలే మొదటి హెచ్చరిక. రెండూ కావలసినవే.

ఇప్పుడు గ్రేట్ నికోబార్ దక్షిణ భాగాన, గలాథియా అఖాతంలో, పెద్ద రేవూ, విమానాశ్రయమూ, పట్టణమూ కట్టడానికి 2022లో పర్యావరణ అనుమతి లభించింది. దాని మంచిచెడ్డలను నిపుణులు వాదించుకుంటున్నారు. నాకు తెలిసినంతలో ఒక్క మాట చెప్పగలను. కొందరే ఉన్న చోటును ఎవరూ లేని చోటుగా చదవడం సులభం. ఆ నేల 2004లో నాలుగు మీటర్లు దిగింది. అక్కడ షోంపేన్లూ, నికోబారీలూ మనకంటే ముందు నుంచి ఉన్నారు. పథకం వేసేవారు ఈ రెండు సంగతులనూ ఒకే కాగితం మీద వ్రాసుకోవడం అవసరం.

మారుమూల అన్నది ఎక్కడ నిలబడి చూస్తే మారుమూల? 1881లో విశాఖ రేవులోని కలం వణికినప్పుడు నికోబార్ మనకు మొదటి పొరుగు. 2004లోనూ అంతే. ఈ బంగాళాఖాతం చుట్టూ ఉన్నవారికి రాబోయే ప్రమాదాన్ని అందరికంటే ముందుగా చూసేవారు ఆ దీవులవారు. ఊరి పొలిమేరలో ఒంటిగా కాపలా ఉన్నవాణ్ణి ఒక్కడే కదా అని ఎవరూ పలుచన చేయరు. ఆ ఒక్కడు కేక వేస్తే ఊరంతా లేచి కూర్చుంటుంది.